మినిట్స్‌లోకి ఎక్కని మాట

మొన్న మా మియాపూర్ ఇంట్లో భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని మా అమ్మాయి ఆఫీసు మీటింగులో కూర్చుంది. నేను పక్కన చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. మీటింగు ముగించి ఆమె మంచినీళ్లు తాగి వచ్చేలోపే, ఎవరు ఏమన్నారో, ఎవరు ఏ పని ఎప్పటికి చేయాలో వరసగా రాసినదంతా తెర మీదికి వచ్చేసింది. ఎవరు రాశారే అంటే, ఎవరూ రాయరమ్మా, అదే విని అదే రాసుకుంటుంది అంది. నాకు నమ్మకం కుదరలేదు. అనని మాట రాస్తే ఏం చేస్తావు, అన్న మాట వదిలేస్తే ఏం చేస్తావు, ఒకసారి చదివి చూసుకో అని రెండుసార్లు చెప్పాను. నీకు అన్నిటికీ అనుమానమేనని నవ్వి లేచిపోయింది.

నిజమే, నాది మొదటినుంచీ అనుమానపు బుద్ధి. కడపలో ఉన్నప్పుడు పాలవాడు అటు తిరగ్గానే గిన్నె వంచి చూసేదాన్ని, తలుపు గడియ వేశాక మూడుసార్లు లాగితే గాని మెట్లు దిగేదాన్ని కాదు. ఇలాంటిదాన్ని తీసుకుపోయి, చేతిరాత ముత్యాల్లా ఉందని ఒక కంప్యూటర్ కంపెనీలో, మీటింగుల్లో ఎవరేమన్నారో మినిట్స్ రాసే పనికి పెట్టారు. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తేదీలు తప్పుతాయని లోకమంతా బెంగపెట్టుకున్న రోజులవి. మన తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, మాదాపూర్‌లో అప్పటికి కొత్త భవనాలు ఒకటో రెండో, చుట్టూ బండరాళ్లు, తుమ్మచెట్లు, అమీర్‌పేట నుంచి ఆఫీసు వ్యానులో వెళ్లేసరికి తలనిండా ఎర్రటి దుమ్ము. పాత ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేసి పంపడమే మా కంపెనీ పని.

మా మేనేజరుగారిది కోస్తా, బొంబాయిలో చాలాకాలం చేసి వచ్చారు. మీటింగులు ఎలా నడపాలో ఆయన ఎక్కడో శిక్షణ పొంది వచ్చి కొన్ని నియమాలు పెట్టారు. సోమవారం పది కొట్టగానే తలుపు వేసేయాలి, ఆలస్యమైనవాళ్లు బయటే. ఎజెండా ముందురోజే అందరికీ అందాలి. గంట దాటకూడదు. ఇవన్నీ మంచివే, ఇప్పటికీ నేను కాదనను. చివరిది ఒకటుండేది, అభ్యంతరం చెప్పినవాళ్లే దానికి పరిష్కారం కూడా తేవాలని, వాళ్ల పేరు, గడువు తేదీతో సహా మినిట్స్‌లో ఎక్కాలని. ఊరికే సణిగేవాళ్ల నోరు కట్టడానికి పెట్టారు గాని, నెల తిరిగేసరికి అందరి నోళ్లూ మూతపడ్డాయి. నోరు తెరిస్తే ఆ పని మన నెత్తినే పడుతుందని తెలిశాక ఎవరు తెరుస్తారు చెప్పండి. గంట మీటింగు ఇరవై నిమిషాల్లో అయిపోయేది. అంత చక్కగా జరుగుతోందని సారు మురిసిపోయేవారు, నేను ప్రతి అంశం కింద ‘అభ్యంతరాలు లేవు’ అని గుండ్రంగా రాసేదాన్ని.

అసలు మీటింగు ఆ తర్వాత జరిగేది. భవనం వెనక రాళ్ల మధ్య నీలం పట్టా కట్టిన చాయ్ కొట్టు దగ్గర ఏడుగురం నిలబడి, లోపల మింగినదంతా అక్కడ కక్కేవాళ్లం. అందరికంటే ఎక్కువ మాట్లాడేది మేము ‘అన్న’ అని పిలిచే టీమ్ లీడరు. ఆయనది గచ్చిబౌలి దగ్గరి పల్లె. గవర్నమెంటు కొలువు వదులుకుని, ఇంట్లో తండ్రి మాట్లాడటం మానేసినా లెక్కచేయకుండా, ఇద్దరు పిల్లలతో ఈ ఉద్యోగంలోకి వచ్చాడు. ఇది పోతే వెనక్కి వెళ్లడానికి దారి లేదని ఆయనే అనేవాడు. మొదట్లో ఒకసారి మీటింగులో నోరు తెరిచి నాలుగు వారాల చాకిరీ తలకెత్తుకున్నాడు, అప్పటినుంచీ లోపల మౌనవ్రతం, బయట మాత్రం వరద.

కొన్నాళ్లకు నాకొక వింత కనిపించింది. చాయ్ దగ్గర మేము అనుకున్నది రెండు రోజులు తిరక్కుండా సారుకు తెలిసిపోయేది. నాకో విషయం తెలిసిందండి అంటూ మొదలుపెట్టి, ఎవరి పేరూ ఎత్తకుండానే గడువు పెంచేవారు, మరో మనిషిని ఇచ్చేవారు. మేలే జరుగుతున్నా మాకు చలిజ్వరం పట్టుకుంది. మాలో ఎవరో సారుకు మాటలు మోస్తున్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ చాయ్ తాగేవాళ్లం. అన్న ఒక్కడే దిగులుపడేవాడు కాదు. “పోనీ తియ్ చెల్లె, ఎవరన్నా చెప్పనీ, పని అయితుంది గద, నీకేం ఫికర్” అనేవాడు. అంత నిబ్బరం ఎక్కడినుంచి వస్తుంది అనుకున్నాను. ఒకరోజు ఆయన సారు గదిలోంచి నవ్వుతూ బయటికి రావడం చూశాను, ఇక నాకు వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. మోసేది ఈయనే అని తేల్చేసుకున్నాను.

ఆ రోజు నుంచీ నోటికి తాళం వేసుకున్నాను. హాస్టల్ గదిలో నాతో ఉండే అక్క సారుకు సెక్రటరీ. అన్నం తింటూ ఆ రోజు ముచ్చట్లన్నీ ఆమెకు చెప్పుకోవడం నాకు అలవాటు, ఇంట్లో మా అమ్మకు చెప్పుకున్నట్టే ఉండేది. ఇంత అనుమానం నడుస్తున్న చోట రేపు ఎవరైనా నన్ను వేలెత్తి చూపకుండా ఉండాలని ఆమెతో కూడా మానేశాను. తలనొప్పి అని, నిద్ర వస్తోందని తప్పించుకునేదాన్ని.

సరిగ్గా ఆ వారమే ఒక పెద్ద పని గడువు మీటింగుకు వచ్చింది. అందరం తలలూపాం. చాయ్ దగ్గర అన్న గ్లాసు కూడా అందుకోకుండా, నా ముఖంలోకే చూస్తూ చెప్పాడు. “పరీక్షకు మనకిచ్చినయన్నీ కొత్త ఫైళ్లు. పాతవాట్ల తేదీ వేరేచోట ఉంటది. అవి చూడకుండ పంపితే మునుగుతం చెల్లె, జర గుర్తుపెట్టుకో” అన్నాడు. నన్నెందుకు గుర్తుపెట్టుకోమంటున్నాడు, నన్ను ఇరికించడానికా అని అనుమానపడి మరింత బిగుసుకుపోయాను. ఎవరికీ చెప్పలేదు. ప్రోగ్రాములు పాత ఫైళ్ల మీద పరీక్షించకుండానే వెళ్లిపోయాయి.

ఆయన అన్నట్టే మునిగాం. కస్టమరు పాత ఫైళ్లన్నీ కలగాపులగమయ్యాయి. సారు మమ్మల్ని కూర్చోబెట్టి, పాత ఫైళ్ల సంగతి ముందే ఎవరైనా చెప్పారా, మినిట్స్ చదవమ్మా అన్నారు. లేచి చదివాను. అభ్యంతరాలు లేవు. ఆ పని అన్న టీముది కాబట్టి జవాబూ ఆయనే చెప్పాలి. చాయ్ దగ్గర విన్నవాళ్లం ఆరుగురం ఉన్నాం, ఆరుగురమూ బల్ల వంకే చూశాం. మిగతావాళ్ల సంగతి నాకు తెలియదు, నేనెందుకు చెప్పలేదో నాకు బాగా తెలుసు. ఈయన సారు మనిషే కదా, సారే చూసుకుంటారులే అనుకున్నాను. ఆ నెలాఖరుకు అన్న చేత రాజీనామా రాయించుకున్నారు.

ఆయన వెళ్లిన వారానికి అక్క అన్నం కలుపుకుంటూ మామూలుగా అడిగింది, ఈమధ్య నువ్వేమీ చెప్పడం లేదేమిటి, మీవాళ్లు ఏమనుకుంటున్నారో కాస్త కనుక్కోమని సారు అడుగుతున్నారు అని. అంటే నేను చెప్పిందల్లా ఆమె సారుకు చేరవేసేది. ఇన్నాళ్లూ మోసింది నేనే. అక్కను తిట్టుకున్నాను, నన్ను నేను తిట్టుకున్నాను, అయినా సారు దగ్గరికి వెళ్లి చెప్పే ధైర్యం మాత్రం తెచ్చుకోలేదు. సిగ్గుతో చచ్చిపోయాను, ఉద్యోగం మాత్రం వదల్లేదు.

చాలా ఏళ్ల తర్వాత చందానగర్ మార్కెట్లో కూరలు కొంటుంటే వెనకనుంచి చెల్లె అని పిలుపు. జుట్టు నెరిసింది గాని అదే గొంతు. ఆ తర్వాత రెండేళ్లు కొలువు లేక పరేషాన్ అయ్యాడట, అదీ నవ్వుతూనే చెప్పాడు. ఇద్దరం చెరొక సంచీ పట్టుకుని పాత రోజులు తలుచుకుంటుండగా, ఆయన తేలిగ్గా ఒక మాట అన్నాడు. “నువ్వు ఆ అక్కకు చెప్తవని నాకు మొదట్నే తెలుసు చెల్లె. నీకు చెప్తే సారుకు చేరుతది, నా పేరు మినిట్స్‌ల పడది, పని సక్కగైతది. అందుకే నీ ముంగట్నే చెప్పేటోణ్ణి” అన్నాడు.

సారు గదిలోకి నిజం వెళ్లడానికి ఉన్న ఒకే ఒక్క దారి నేను, ఆ దారిని నేనే మూసేశాను, అదీ ఆయన మీద అనుమానంతో. ఆయన దొంగ కాడని తెలిసి అప్పటికే ఏళ్లయింది గాని, నన్ను నమ్ముకున్నాడని మాత్రం అప్పుడే తెలిసింది. “ఆ ఒక్కసారి ఎందుకు చేరలేదోనని చానా రోజులు ఆలోచించిన. ఆ వారం ఆ అక్క సెలవుల ఉన్నదా చెల్లె” అని అడిగాడు. “అవునన్నా, ఊరెళ్లింది” అన్నాను.

ఇప్పుడు ఆ రాళ్లు లేవు, ఆ చాయ్ కొట్టు ఎక్కడుండేదో అద్దాల మేడల మధ్య నేనే పోల్చుకోలేను. మా అమ్మాయి మేనేజరు మొహం మీదే ఈ తేదీకి కాదు అంటుంది, ఆయన సరే అంటాడు, ఎవరి నెత్తినా ఏమీ పడదు. వింటుంటే సంతోషంగానే ఉంటుంది, ఆ ఒక్క ముక్క అనడానికి మాకు అంత డొంకతిరుగుడు ఎందుకు పట్టిందోనని దిగులూ వేస్తుంది. అన్న అప్పుడప్పుడు ఫోను చేసి పిల్లల క్షేమం అడుగుతాడు. ఆ వారం అక్క ఊళ్లో లేదనే ఇప్పటికీ అనుకుంటున్నాడు.