ఏటికి వదిలిన దారి

నేనింకా పరికిణీలు కట్టే రోజుల్లో, నందిగామ దగ్గర మున్నేటి ఒడ్డున మా మేనత్తకు టీ హోటలు ఉండేది. దానికి గోడలు రెండే. ఏటి వైపు ఒక తడిక, వెనక పల్లపు చేల వైపు ఇంకో తడిక. సెలవులకు వెళ్లినప్పుడల్లా నాకు అదే వింత.

“అత్తా, ఏటి వైపు గోడ కట్టించవేం?” అని అడిగితే, “ఏరొచ్చినప్పుడు చూద్దువుగానిలే” అనేది. ఆ వచ్చేదేదో చూద్దామని నేను రోజూ ఒడ్డుకు పరిగెత్తేదాన్ని.

పక్కనే ఒకాయన కొత్తగా సైకిల్ షాపు కట్టాడు. చుట్టూ ఇటుక గోడ, ఏటి వైపు మరీ మందంగా. నీళ్లకు దారి వదలమని అత్త చెప్పి చూసింది. “నీళ్లు రాకూడదనే కదండీ గోడ కట్టేది!” అని ఆయన నవ్వేశాడు.

ఆ వానాకాలం ఒక ఉదయం ఏరు ఎర్రగా పొంగింది. అత్త కంగారుపడలేదు. గిన్నెలు, బల్లలు అందరం కలిసి మెరక మీదున్న బడికి చేర్చాం. చివరికి ఆవిడ తడికలు రెండూ విప్పేసింది. హోటలును చేతులారా నీళ్లకు అప్పగిస్తున్నట్టనిపించి నాకు ఏడుపొచ్చింది.

బడి అరుగు మీద నుంచి చూస్తూ నిలబడ్డాను. నీళ్లు హోటల్లోకి ఇటు నుంచి వచ్చి, అటు నుంచి చేలల్లోకి వెళ్లిపోయాయి. పక్క షాపు గోడ దగ్గర మాత్రం అంతకంతకూ ఎగదన్నాయి. కాసేపటికి గోడ కూలింది. సైకిళ్ల కోసం దిగబోయిన ఆయన్ని అత్త చెయ్యి పట్టుకుని లాగింది. “సైకిళ్లు మళ్లీ కొనుక్కోవచ్చండీ. ఆగండి.”

నీరు తీశాక బురద కడిగి, తడికలు కట్టి, టీ కాచాం. హోటల్లో సగం చోటు అత్త ఆయనకిచ్చింది. షాపు మళ్లీ లేచేదాకా అక్కడే పంక్చర్లు వేసుకున్నాడు.

“ఏరు మన మీదికి రాలేదే. దాని దారిలో మనమెళ్లి కూర్చున్నాం” అంది అత్త నాతో.

మొన్నామధ్య ఆర్కిటెక్టుగా పనిచేసే మా మనవరాలు, కృష్ణ ఒడ్డున తను గీస్తున్న పార్కు స్థలం చూపించింది. “కింది మెట్లు, నడక దారి వరదలో మునిగిపోతాయి అమ్మమ్మా. కావాలనే అలా పెట్టాం. కొట్లన్నీ చక్రాల మీదే. ఇప్పుడు నగరాల్లో చాలాచోట్ల ఇలాగే కడుతున్నారు” అంది. నేను అడిగిన ప్రశ్నలకు ఆ పిల్ల అలిసిపోయింది.

నది ఒడ్డున కొత్త కట్టడం కనిపిస్తే ఇప్పటికీ ఆగిపోతాను. అందం తర్వాత చూస్తాను. నీళ్లొస్తే ఎటు పోతాయో ముందు వెతుకుతాను.