నిమ్మకాయలు నడిపిన కారు

మా బంధువుల్లో ఎవరింట్లో పెళ్ళి జరిగినా, భోజనాలయ్యాక వక్కాకు నములుతూ ఎవరో ఒకరు ఆ కథ ఎత్తుతారు. "ఈ పాప కార్ల పోటీలో వాళ్ళ బావనే ఓడించింది, తెలుసా? అంతా గూడూరు అత్త పెట్టిన నిమ్మకాయల మహిమ!" అని. వినేవాళ్ళు ముక్కు మీద వేలేసుకుంటారు. గూడూరు అత్త సిగ్గుపడుతూ కొంగు సర్దుకుంటుంది. ఓడిన బావ పెద్దమనసుతో తల ఊపుతాడు. నేను అదే వరసలో, రెండు కుర్చీల అవతల కూర్చునే ఉంటాను. నన్ను మాత్రం ఎవరూ ఒక్క ముక్క అడగరు. ఈ కథంతా అబద్ధమని నేను అనను. నిమ్మకాయలు పెట్టిన మాట నిజం, నేను గెలిచిన మాటా నిజం. ఆ రెంటి మధ్య వాళ్ళు అతికించిన 'అందుకే' అన్నదే పచ్చి అబద్ధం. (ఫిజిక్సు పాఠం చెప్పి బతుకుతున్నదాన్ని. 'అందుకే' అన్న మాటను ఎవరు పడితే వాళ్ళు వాడేస్తే నాకు ఒళ్ళు మండుతుంది.)

ఆ రోజుల్లో మా ఇంట్లో ఆడపిల్ల కారు కొనుక్కోవచ్చు, నడపకూడదు. మరీ తాతలనాటి సంగతి అనుకునేరు, అందరి చేతుల్లోకీ టచ్ ఫోన్లు వచ్చేసిన రోజులే అవి. నేను చిత్తూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్చరరుగా చేరి, తిరుపతి నుంచి రోజూ బస్సులో వెళ్ళొచ్చి, నడుము విరిగిపోయాక నా జీతంతో ఒక చిన్న కారు కొన్నాను. చూడటానికి నోట్లో నాలుక లేనిదానిలా ఉండేది గానీ దాని ఇంజనుకు టర్బో ఉంది. టర్బో అంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. ఇంజను వదిలే పొగ ఊపుకే ఒక చిన్న చక్రం తిరిగి, లోపలికి మరింత గాలిని తోస్తుంది, దాంతో బలం పెరుగుతుంది. దాని స్వభావం అచ్చం మా ఇంటి మగవాళ్ళ కోపం లాంటిది: మొదట ఎంత పిలిచినా పలకదు, ఏమీ లేనట్టే ఉంటుంది, తర్వాత ఒక్కసారిగా లేచి తంతుంది.

కారు ఇంటికొచ్చిన సాయంత్రమే దాని తాళం బావ జేబులోకి వెళ్ళిపోయింది. బావ అంటే మా అక్క భర్త. మా వీధి చివర్లోనే కాపురం. ఆయనకు సొంత కారు లేదు గానీ కార్ల మీద అభిప్రాయాలు మాత్రం ఒక షోరూముకు సరిపడా ఉండేవి. మా నాయన రిటైరైన హెడ్మాస్టరు, అల్లుడి మాటంటే ఆయనకు వేదం. "పాప తోలితే నేను ఎక్కను. నాకింకా ప్రాణం మీద తీపి ఉండాది" అని కారుకు పసుపు రాసిన రోజే ప్రకటించాడు. కాణిపాకం పోవాలన్నా, కొండకు పోవాలన్నా బావ స్టీరింగు దగ్గర, నాయన ఆయన పక్కన, నా కారులో నేను వెనకసీట్లో పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని. కాలేజీకి మాత్రం నేనే నడుపుకుపోవచ్చు, ఎందుకంటే అప్పుడు "కార్లో మనుషులు ఎవురూ ఉండరు." (ఈ మాట నాది కాదు, మా నాయనదే.)

ఒక రాత్రి అందరం భోజనానికి కూర్చున్నప్పుడు బావ కొత్త కబురు తెచ్చాడు. సరిహద్దు దాటి చెన్నై వైపు పోతే, ఎప్పుడో విమానాల కోసం వేసి వదిలేసిన సిమెంటు దారి ఒకటుంది. దాన్ని ఆదివారాల్లో ఒక క్లబ్బువాళ్ళు అద్దెకు తీసుకుని, మామూలు మనుషుల మామూలు కార్లకు డ్రాగ్ రేసు పెట్టేవారు. మలుపుల్లేని తిన్నటి దారి. నిలబడ్డ చోటు నుంచి బయల్దేరి ఆ చివరకు చేరడానికి ఎంత సమయం పట్టిందో మెషీను చెబుతుంది, అంతే.

"మన బండిని ఒగసారి ఆడ పరిగెత్తించాల మామా" అన్నాడు బావ.

'మన బండి' అనగానే చేతిలో సంగటి ముద్ద కంచంలో పడేశాను. "నేనూ వస్తా. నేనూ తోల్తా" అన్నాను.

"నువ్వు ఆడికొచ్చి ఏం చేస్తావు మే? బోర్డు మీద గీసే ఘర్షణ వేరే, రోడ్డు మీద ఘర్షణ వేరే."

"రెండూ ఒగటే బావా. బోర్డు మీద అర్థం కానోళ్ళకు రోడ్డు మీదా అర్థం కాదు."

అక్క నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయింది. నాయన చెయ్యెత్తి, స్కూల్లో ఇద్దరు పిల్లకాయల తగువు తీర్చినట్టు తీర్పు చెప్పాడు: "అట్లయితే ఇద్దరూ తోలండి. బండీ ఒగటే, దారీ ఒగటే. ఎవురు బిరీన పోతే ఇంగ తాళం వాళ్ళదే. పాప గెలిస్తే నేను దాని పక్కన కూసుంటా, నోరెత్తను." ఈ మాట ఎంత ధారాళంగా అన్నాడంటే, నేను గెలవనన్న నమ్మకం ఆయనకు అంత ఉందన్నమాట. నాకు తాళం కన్నా ఆ రెండో మాటే గుచ్చుకుంది. కన్నతండ్రి నా పక్కన కూర్చోవాలంటే నేను పందెం గెలవాలా?

ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. నాయన చెల్లెలు గూడూరు అత్త, మేమంతా ఎక్కడికో పోతున్నామని తెలిసి అద్దె కారు మాట్లాడుకుని మరీ అక్కడికి దిగింది. వాళ్ళది నిమ్మకాయల వ్యాపారం. కడుపునొప్పి నుంచి కోర్టు వాజ్యం దాకా నిమ్మకాయతో తీరని కష్టం ఉందని ఆమె ఒప్పుకోదు. బావ సంగతి చెప్పనక్కర్లేదు, ముందురోజే కారు కడిగించి, అక్కడ దిగాక టైర్లకు నల్లగా మెరిసే పాలిష్ పట్టించాడు, నేలను తాకే భాగంతో సహా! అవి నూనె రాసిన పెళ్ళికొడుకు క్రాపులా నిగనిగలాడుతున్నాయి. రేసుకోసం చేసిన టైర్లయితే మెత్తగా ఉండి నేలను కరిచి పట్టుకుంటాయి. మావి పాలపాకెట్లకూ కూరగాయలకూ కాలేజీకీ తిరిగే మామూలు టైర్లు. వాటి పట్టుకు ఒక హద్దుంది. ఆ హద్దు దాటేలా తోశారా, జారిపోతాయి. జారే చక్రం ఎంత గిరగిరా తిరిగినా కారు ముందుకు పోదు. దీనికి పీహెచ్‌డీ అక్కర్లేదు, వానాకాలంలో బురదలో ఆటో తోసిన వాళ్ళెవరికైనా తెలుస్తుంది.

ముందు బావ వంతు. పచ్చ లైటు వెలగ్గానే, పాము మీద కాలేసినట్టు యాక్సిలరేటర్ను నేలకు తొక్కి, క్లచ్చిని ఒక్కసారిగా వదిలేశాడు. టర్బో లేచింది, తన్నింది. పాలిష్ పట్టిన టైర్లు కీచుమన్నాయి. కారు మాత్రం గుంజకు కట్టేసిన కోడెదూడలా ఉన్నచోటే గింజుకుని, తీరా బుద్ధి పుట్టాక కదిలింది. మైకులో చెప్పిన సమయం విని లైనులో ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకో ఛాన్సు అడిగి రెండోసారి పోయాడు. ఈసారి కోపం కూడా కలిసింది కాబట్టి ఇంకా ఆలస్యమైంది.

"ఈ టైర్లతో దేవుడొచ్చినా పోలేడు మామా. రేసు టైర్లుండాల" అన్నాడు దిగి, తలుపు దబీమని వేస్తూ. (నా తలుపు.)

"అవునవును, టైర్లదే తప్పు" అన్నాడు నాయన.

నా వంతు వచ్చింది. గాజులకు తగిలించుకున్న పిన్నీసు తీసి, ముందు చక్రాల గాలి కాస్త వదిలాను. మా కారును లాగేవి ముందు చక్రాలే.

"యాందిమే అది? గాలి తీసేస్తాండావు? నడిచిపోతావా ఏంది?" అన్నాడు బావ.

"టైరు కొంచెం మెత్తబడితే నేలకు ఎక్కువ ఆనుతుంది బావా."

"ఘర్షణకూ వైశాల్యానికీ సంబంధం లేదని మీ పుస్తకంలోనే ఉండాది గదా?"

ఉంది. నేనే ప్రతి ఏడాదీ పిల్లలకు చెబుతాను. కానీ రబ్బరు ఆ పుస్తకం చదవలేదు. ఇదంతా వివరించే తీరిక లేక, జడలో మల్లెపూలు తీసి అక్క చేతికిచ్చి, హెల్మెట్ పెట్టుకుని కూర్చున్నాను. కారును గీత దగ్గరికి తెచ్చానో లేదో, "ఆగప్పా, ఆగు! నిమ్మకాయలు పెట్టలా!" అని కేక. గూడూరు అత్త తాడు కింద నుంచి దూరి, సంచితో సహా సిమెంటు దారి మీదికి వచ్చేసింది.

అద్దం దించి మొత్తుకున్నాను. "వద్దత్తా! రసం తగిలితే టైరు జారతాది!"

"నోర్ముయ్ మే. కొత్త దారి, కొత్త పని. తొక్కకుండా యాడికి పోతావు?"

జెండా పట్టుకున్న మనిషి తమిళాయన, నుదుటినిండా విభూతి. ఆయనైనా అడ్డుకుంటాడని ఆశపడ్డాను. "సామి సమాచారం గదక్కా, పెట్టనీండి" అని చెప్పులు విడిచి పక్కకు జరిగాడు! నా వెనక వరసలో నిలబడి పొద్దుటి నుంచి ఇంజన్ల గురించి ఉపన్యాసాలిచ్చిన కుర్రాళ్ళలో ఒక్కడైనా రబ్బరుకు రసం తగిలితే ఏమవుతుందని అడిగాడా? లేదు. "అమ్మా, మాకూ రెండు దొరుకుతాయా?" అని అడిగారు. అత్త మహదానందంగా అందరికీ పంచింది.

నిమ్మకాయలు చిట్లాయి. పాలిష్ మిగులు ఒకటి, దాని మీద ఈ రసం. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇక మిగిలింది ఒకటే దారి. కారును తడి దాటించి, హ్యాండ్ బ్రేకు బలంగా లాగి పట్టి, ముందు చక్రాలను ఉన్నచోటే తిప్పాను. తిరిగి తిరిగి రబ్బరు వేడెక్కింది, పాలిషూ రసమూ మాడిపోయాయి, తెల్లటి పొగ కారు చుట్టూ కమ్మేసింది. రబ్బరుతో పులిహోర చేసినట్టు వాసన. వేడెక్కిన రబ్బరు కాస్త జిగురుగా మారి నేలకు అంటుకుంటుంది, నాకు కావలసింది అదే. పొగ అవతల నుంచి అత్త గొంతు వినబడింది: "సూడన్నా సూడు, ఎంత దిష్టి ఉండాదో! పొగైపోతాండాది!" పొగ పలచబడ్డాక చూస్తే మా నాయన చెప్పులు విడిచి, రెండు చేతులూ జోడించి నిలబడి ఉన్నాడు.

పచ్చ లైటు వెలిగింది. నేను తొక్కలేదు. గుడ్డు మీద కాలుపెట్టినట్టు పెట్టి, క్లచ్చిని మెల్లగా వదిలాను. కారు చప్పుడు లేకుండా కదిలింది. ("భయపడి మెల్లగా పోయింది" అని బావ ఇప్పటికీ అంటాడు. భయమా!) చక్రాలు నేలను పట్టుకున్నాయని అరికాలికి తెలిసింది. అప్పుడు, టర్బో నిద్రలేచే ఆ క్షణానికి, పూర్తిగా తొక్కాను. వీపు సీటుకు అతుక్కుపోయింది. రెండో గేరు, మూడో గేరు. హెల్మెట్ లోపల నా ఊపిరి తప్ప ఏమీ వినబడలేదు. ఒళ్ళో పులిహోర డబ్బా లేదు. నా కారులో నేను, నాకు తెలిసిన పాఠాన్ని నా కాలితో చెబుతున్నాను. ఆ చివర గీత దాటాక నేను అరిచిన అరుపు ఎవరికీ వినబడలేదు, అది నాకూ ఆ కారుకూ తెలుసు.

బావ రెండుసార్లలో మెరుగైన దానికన్నా నాది సెకనుకు పైగా ముందు. ఆ దారిలో సెకనంటే బోలెడు దూరం. తిరిగొచ్చి దిగేసరికి అత్తను చుట్టుముట్టి ఉన్నారు జనం.

"నాకూ ముందే పెట్టుంటే అత్తా..." అంటున్నాడు బావ నీరసంగా.

"నువ్వు అడగలేదు గదా అల్లుడా!"

నేను ఆపుకోలేకపోయాను. "అత్తా! ఆ రసం కాల్చేదానికే నేను పొగ పెట్టింది!"

"పొగ రావాలనే మే నేను నిమ్మకాయలు పెట్టింది" అంది అత్త చల్లగా.

ఇన్నేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. ఈ వాదనకు జవాబు ఇంతవరకు దొరకలేదు.

నాయన బావ దగ్గర తాళం తీసుకుని నా చేతిలో పెట్టాడు. మాట తప్పలేదు. వాయిదా వేశాడు, అంతే. "చెల్లెలు తిరుపతి దాకా ఒగతే పోతాది, తోడుపోవాల" అని అత్త అద్దె కారు ఎక్కాడు. తోడుకు తోడుగా బావ కూడా ఎక్కాడు, ఆయన వెనకే అక్కా. గెలిచిన కారులో నేనొక్కదాన్నే తిరుపతికి వచ్చాను. మళ్ళీ మనుషులు ఎవరూ లేని కారే! నేను వచ్చేసరికే నిమ్మకాయల కథ వీధి వీధంతా తిరిగేసింది. చెప్పింది ఎవరో కాదు, మా నాయనే. మర్నాడు అత్త కారు ముందు బంపరుకు నిమ్మకాయలూ మిరపకాయలూ దండ గుచ్చి కట్టి మరీ ఊరెళ్ళింది.

కొన్నాళ్ళకు నాయన పెరటి మెట్టు మీద జారిపడ్డాడు, మణికట్టు వాచిపోయింది. ఎముకలు సరిచేసే పుత్తూరు కట్టే వేయించాల్సిందే అన్నాడు. కబురందుకుని బావ పరుగెత్తుకొచ్చి, అలవాటుగా తాళానికి చెయ్యి చాపాడు. "నువ్వుండు అల్లుడా. పాప తోల్తాది" అన్నాడు నాయన. వాచిన చెయ్యి పొట్టకు ఆనించుకుని కారు ముందుకు వచ్చి ఒక్క క్షణం నిలబడ్డాడు, బంపరుకు ఇంకా వేలాడుతున్న నిమ్మకాయల దండ వైపు చూశాడో, అద్దంలోంచి నన్నే చూశాడో. తలుపు తీసుకుని నా పక్కన కూర్చున్నాడు. "పద" అన్నాడు. దారి పొడుగునా నోరెత్తలేదు. లారీ ఎదురైనప్పుడల్లా ఆయన కుడికాలు మాత్రం తన వైపు లేని బ్రేకును గట్టిగా తొక్కుతూనే ఉంది.

ఇప్పుడు ఆ కారు ముసలిదైంది, నా జుట్టూ నెరిసింది. సిగ్నలు దగ్గర పక్కన ఎవడైనా కుర్రాడు ఇంజను గుర్రుమనిపిస్తే, ఈ వయసులో నా అరికాలు ఇంకా దురద పెడుతుంది. నన్ను చూసి నేనే నవ్వుకుంటాను, వాడిని మాత్రం ముందు పోనిస్తాను. నాయన ఇప్పటికీ ఎక్కడికి పోవాలన్నా నా పక్కనే కూర్చుంటాడు. పెళ్ళిళ్ళలో నిమ్మకాయల కథా ఎక్కువసార్లు ఆయనే మొదలుపెడతాడు. నేను చాలాసార్లు అడిగాను. అడిగిన ప్రతిసారీ "రోడ్డు సూడు" అంటాడు. అందుకే ఇక్కడ, ఇంతమంది ముందు, కాగితం మీద అడుగుతున్నాను: నిజం చెప్పు నాయనా, ఆ రోజు పుత్తూరు పోయేటప్పుడు నువ్వు నా పక్కన కూర్చున్నావా, నిమ్మకాయల వెనక కూర్చున్నావా?