లావు టైరు దర్జా

అరవైల్లో సంగతి. అద్దంకి దగ్గర మా అత్తవారి ఊళ్లో ఎక్కడ విన్నా మా తోడల్లుడి మోటారు సైకిల్ మాటే. నాకూ బండి ఉంది, దాని ఊసు ఒక్కరూ ఎత్తరు. ఒళ్లు మండి, గుంటూరులో నా బండి వెనక చక్రానికి లావు టైరు వేయించాను. మడ్‌గార్డుకీ దానికీ మధ్య వేలు దూరదు. అదే దర్జా అనుకున్నాను.

అత్తవారింటికి వెళ్తుంటే, వానకు తడిసిన డొంక దారిలో నల్లరేగడి మడ్‌గార్డు సందులో కూరుకుపోయి చక్రం బిగుసుకుపోయింది. పుల్లతో గోకుతుంటే తోడల్లుడు సన్న టైరు బండి మీద వచ్చి ఆగాడు.

"ఎక్కు తమ్ముడూ, మామయ్యగారు భోజనానికి ఎదురుచూస్తున్నారు."

ఊరంతా చూస్తుండగా అతని వెనక కూర్చుని వెళ్లి దిగాను. అత్తగారు నీళ్లచెంబు అతనికిచ్చి, నా మోకాళ్ల దాకా ఉన్న మట్టి చూశారు.

"మీకు చెంబు చాలదు బాబూ, నూతి దగ్గరికెళ్లండి."

ఇప్పుడతను కారులో వస్తాడు. హారన్ వినగానే నేను నా కాళ్లు చూసుకుంటాను.