అడ్వాన్సు దండాలు

ఆ రోజుల్లో నా మెడలో ఒక విజిల్, బుర్ర నిండా నాకు అంతా తెలుసన్న నమ్మకం ఉండేవి. ఇప్పుడు విజిల్ ఒక్కటే మిగిలింది. తొమ్మిదో తరగతి మధ్యలో నాకు బడి, బడికి నేను అక్కర్లేదని ఇద్దరం రాజీకి వచ్చాక, కాజీపేటలో రైల్వే గ్రౌండ్ పట్టుకుని ఫుట్‌బాల్ ఆడుతూ, ఎవరు పిలిస్తే వాళ్ల మైదానంలో సున్నంతో గీతలు గీస్తూ తిరిగేవాణ్ని. అలాగే ఒకసారి హన్మకొండలో ఒక ఆడపిల్లల డిగ్రీ కాలేజీకి గీతలు గీయడానికి వెళ్లి, అక్కడి అమ్మాయిల ఆట చూసి నోరు ఆపుకోలేకపోయాను. "బంతిని తన్నాలమ్మా, బతిమాలుకుంటే పోదు" అన్నాను. వెనకాల పీడీ మేడం నిలబడి ఉందని నాకేం తెలుసు? (కాలేజీలో ఆటలు నేర్పే ఆవిణ్ని పీడీ మేడం అంటారు. ఈవిడ సొంత ఆట కబడ్డీ.) "నాకీ ఫుట్‌బాల్ సమజ్ గాదు తమ్మీ. గంత తెలిస్తే నువ్వే నేర్పు" అని తన మెడలోని విజిల్ తీసి నా మెడలో వేసింది. పెళ్లిలో దండ కూడా అంత తొందరగా పడదు. "బడికి పొమ్మంటే గోడ దుంకినోడు కాలేజీకి పోతాండు, సూడుండ్రి" అని మా అమ్మ వాడకట్టంతా చెప్పుకొచ్చింది. అది పొగడ్తో తిట్టో ఇప్పటికీ తేల్చుకోలేదు.

విజిల్ పడ్డ మూడో రోజే ప్రిన్సిపాల్ మేడం పిలిచింది. రెండేళ్లుగా మా జట్టు వేరే కాలేజీలతో పోటీలకు వెళ్లి, ఒక్క గోల్ కూడా కొట్టకుండా భద్రంగా తిరిగి వస్తోందట. "గెలవమని అంటలేను. ఈసారి ఒక్క గోల్ కొట్టియ్యి చాలు. అది గూడ కాకుంటే ఫుట్‌బాల్ బంద్. ఆ జాగల కాలేజీ బస్సులు నిలబెట్టుకుంటం" అంది. బస్సులు నిలబడే చోట కోచ్‌కి పనేమిటని ఆవిడ అడగలేదు, ఆ మాట ఆవిడ చూపే చెప్పింది. బయటికి రాగానే మా ఫార్వర్డ్ పట్టుకుంది. కాజీపేట రైల్వే గ్యాంగ్‌మన్ బిడ్డ, ఆ పరుగు చూసి ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టాను. "సార్, ఆట బంద్ చేస్తే స్పోర్ట్స్ కోటాల నాకు రావాల్సిన రైల్వే నౌకరీ పోతది. మా బాపు దాని మీదనే ఆశ పెట్టుకున్నడు" అంది. "ఫికర్ జేయకు బిడ్డా, ఒక్క గోలే గదా" అన్నాను. ఇంత తేలిగ్గా నేను ఇంకెప్పుడూ ఏ మాటా అనలేదు.

మొదటి ప్రాక్టీసులోనే మా జట్టు జబ్బు బయటపడింది. మరిపెడ నుంచి వచ్చిన ఒక రైతు బిడ్డ వెనక వరసలో ఆడేది. ఆ పిల్ల అడ్డం వచ్చిందంటే ట్రాక్టర్ వచ్చినట్టే. ఎక్స్‌ప్రెస్ బంతి తీసుకొస్తుంటే ఎదురెళ్లి బ్రహ్మాండంగా లాక్కుంది. లాక్కునేటప్పుడు ఆమె కాలు ఎక్స్‌ప్రెస్ కాలికి తగిలింది. అంతే. బంతి వదిలేసి, వంగి, ఎక్స్‌ప్రెస్‌ను చేత్తో తాకి, కళ్లకద్దుకుంది. "అయ్యో, ఏం కాదక్కా" అని ఎక్స్‌ప్రెస్ కూడా ఆగింది. బంతి ఒంటరిగా వెళ్లి ప్రహరీ గోడను గుద్దుకుంది. ఆ రోజే ఆ పిల్లకు దండం అని పేరు పడింది గానీ, జట్టులో మిగతావాళ్లూ తక్కువ తినలేదు. ఎవరి కాలు ఎవరికి తగిలినా ఆట ఆగడం, వంగడం, కళ్లకద్దుకోవడం.

"ఎందుకాగినవమ్మా?" అన్నాను.

"కాలు తాకింది గద సార్."

"ఫుట్‌బాల్ల కాలు గాక ముక్కు తాకుతదా?"

"మొక్కకుంటే పాపం సార్. మా నాయనమ్మకు తెలిస్తే బువ్వ గూడ పెట్టది."

పీడీ మేడం చెట్టు కింద కుర్చీలో నుంచి, "మా కబడ్డీల గిట్ల మొక్కుకుంట కూసుంటే కూత తెగి సచ్చేటోళ్లం" అని ఓదార్చింది.

అరిచాను, అలిగాను, మైదానం చుట్టూ పరిగెత్తించాను. పరిగెత్తేటప్పుడూ ఒకరి కాలు ఒకరికి తగిలి ఆగారు. చివరికి, దండాలన్నీ దాచిపెట్టుకుని ఆట అయ్యాక ఒకేసారి మొక్కుకోండని తీర్పు చెప్పాను. (చదువుకున్నవాడెవడూ ఇలాంటి తీర్పు చెప్పడు.) ఆ సాయంత్రం విజిల్ ఊదాక అసలు ఆట మొదలైంది. "నువ్వు నన్ను ఐదు సార్లు తాకినవ్, మూడే మొక్కినవేందే?" "ఏయ్, ఆ రెండు నీకు నువ్వే అచ్చి తాకించుకున్నవ్!" లెక్కలు తేలేసరికి బస్సు వెళ్లిపోయింది. స్టేషన్ ఘన్‌పూర్ వైపు వెళ్లాల్సిన పిల్లల్ని ఆటో ఎక్కించి నేను ఇల్లు చేరాను.

పోటీ రోజు వచ్చింది. మాతో ఆడేవాళ్లు పొడుగ్గా, పుష్టిగా ఉన్నారు. వాళ్ల వెనక వరసలో ఒకమ్మాయిని చూస్తే నాకే భయమేసింది. అప్పుడే దండం నా దగ్గరికి వచ్చి, "సార్, ముందుగాలనే మొక్కితే నడుస్తదా?" అంది. నేను గోల్‌కీపర్ గ్లవ్స్ వెతుకుతూ విసుగ్గా, "మీ ఇష్టమున్నట్టు చేసుకోండ్రి, నన్ను జర ఇడువుండ్రి" అన్నాను. ఆట మొదలయ్యే ముందు రెండు జట్లూ ఎదురెదురుగా నిలబడి చేతులు కలుపుకోవాలి. అవతలివాళ్లు చేతులు చాచారు. మా పదకొండు మందీ వరసగా వంగి వాళ్ల కాళ్లకు మొక్కడం మొదలుపెట్టారు. "అయ్యో వద్దక్కా, వద్దు వద్దు" అంటూ వాళ్లు వెనక్కి గెంతుతున్నారు, మావాళ్లు వెంటపడి మరీ మొక్కుతున్నారు. రెఫరీ విజిల్ నోట్లో పెట్టుకుని ఊదడం మర్చిపోయాడు. నా వెనక నుంచి ప్రిన్సిపాల్ మేడం గొంతు వినిపించింది: "ఏంది కోచ్, ఆడకముందే ఓడిపోయినమని ఒప్పుకుంటాన్నరా?" భూమి చీలితే బాగుండనిపించింది. సున్నం గీతల దగ్గరైనా చీలలేదు.

కానీ పాపం ముందే తీరిపోయింది కదా, మా పిల్లలు తాడు తెంపుకున్న దూడల్లా ఆడారు. తగిలినా ఆగలేదు, పడినా ఆగలేదు. అయినా అవతలివాళ్లకు ఆట వచ్చు, అది పెద్ద తేడా. మూడు గోల్స్ పడ్డాయి. ఇంకా ఐదు నిమిషాలున్నాయి. నేను మనసులో మైదానం నిండా బస్సులు నిలబెట్టేశాను. అప్పుడు ఎక్స్‌ప్రెస్ బంతి తీసుకుని దూసుకుపోయింది. ఆ పొడుగమ్మాయి అడ్డం వచ్చి కాలు పెట్టింది. ఆ కాలు ఎక్స్‌ప్రెస్ కాలికి తగిలింది. ఇందాక తన కాళ్లకు మొక్కిన పిల్ల కదా, ఏమనిపించిందో, ఆ పొడుగమ్మాయి ఆగి, వంగి, చేత్తో తాకి కళ్లకద్దుకుంది. బంతి పక్కకు దొర్లింది. వెనక నుంచి కదలొద్దని నేను నెల రోజులు మొత్తుకున్న దండం, నా మాట వినకుండా ముందుకొచ్చి అక్కడే ఉంది. తన్నింది. బంతి వల తాకింది.

అరుపులు, ఈలలు. దండం నా వైపు పరిగెత్తుకొచ్చి, ఆ సంబరంలో బూటుతో నా పాదం మీద ఎక్కి తొక్కింది. నాకు చుక్కలు కనిపిస్తున్నాయి. "అయ్యో సార్! మీకు అడ్వాన్స్ మొక్కలే!" అని గీత అవతల కూర్చుని నా కాళ్లు పట్టుకుంది. "మొక్కు తర్వాత, లోపలికి పోవే!" అని నేను అరిచేలోపు ఆట మళ్లీ మొదలై, ఆమె ఖాళీ చేసిన చోటి నుంచి వాళ్లు నాలుగోది కొట్టారు.

నాలుగు ఒకటితో ఓడిపోయాం. బస్సులు మాత్రం ఇప్పటికీ కాలేజీ బయట రోడ్డు మీదే నిలబడుతున్నాయి. ఎక్స్‌ప్రెస్ కాజీపేటలోనే రైల్వే నౌకరీ చేస్తోంది. నేను ఆ కాలేజీ గ్రౌండ్‌లోనే ఉన్నాను. ఇప్పటి పిల్లలకు ఆ జబ్బు లేదు. ఫోన్‌లో పెద్ద పెద్ద ఆటలు చూసి వస్తారు, ఎదుటివాళ్లను పడగొట్టి వెనక్కి కూడా చూడరు. మొన్న ప్రాక్టీసులో ఒక పిల్ల దూసుకొచ్చి నా మోకాలికి తన్ని, "సారీ సార్" అని ఆగకుండానే వెళ్లిపోయింది. సరిగ్గా నేను నేర్పినట్టే. అయినా నేను మోకాలు పట్టుకుని, ఆ పిల్ల వెనక్కి వస్తుందేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాను.

ఇప్పుడు రోజూ ఆట మొదలవకముందు నేనే ఒకసారి వంగి, బంతిని తాకి కళ్లకద్దుకుంటాను. ఈ మధ్య గోల్‌కీపర్ చూసేసింది.

"ఏం చేస్తాన్నరు సార్?"

"బూటు లేసు కట్టుకుంటాన్న."

"మీరేసుకున్నయి చెప్పులు గద సార్."

విజిల్ ఊదేశాను.