వైజాగ్‌ల ఎక్కువున్న రెండు రోజులు

బాయిలర్ కాడ పనిజేసేటోనికి మొదలు నేర్పేది ఒకటే. ముందటి షిఫ్ట్ మనిషి "నీళ్ళు సరిగ్గనే ఉన్నయ్" అంటే నమ్మొద్దు. గేజు గ్లాసు కాడికి పోయి, నీళ్ళు ఏడిదాంక ఉన్నయో నీ కండ్లతోని చూసి, అప్పుడు రిజిస్టర్ల సంతకం పెట్టాలె. కాజీపల్లిల మా కంపెనీ చిన్నది. బాయిలర్ సర్టిఫికెట్ ఉన్నోళ్ళం ఇద్దరమే, నేనూ భాయ్. పొద్దటి షిఫ్ట్ నాది, పగటాలది ఆయనది. పదకొండేండ్ల సంది రోజూ రెండు గంటలకు ఆ గ్లాసు ముంగట కలుస్తం. నీళ్ళ సంగతిల ఆయన నా మాట ఒక్కనాడు గూడ నమ్మలే. వంగి చూసుకున్నంకనే "ఇగ పో తమ్మీ" అంటడు.

ఇస్నాపూర్ల ఒకే బిల్డింగ్‌ల కిరాయికుంటం. వాళ్ళు కింద, మేం మీద. ఇద్దరం ఒక్కసారే సెలవు పెడితే బాయిలర్ బందయితది. అందుకే ఇన్నేండ్లల్ల ఒక్క పెండ్లికి గూడ కలిసి పోలే. ఒకరు పోతే ఇంకొకరు రెండు షిఫ్టులూ చెయ్యాలె, గంతే.

భాభీకి, అంటే భాయ్ వాళ్ళ ఆమెకు, కండ్ల జబ్బు మొదలైంది. పక్కలకెల్లి చూపు మూసుకుంట వస్తదంట, ఆపే మందు లేదంట. "చేతి గాజుల నుంచి చూసినట్టున్నది భయ్యా. గాజు అవతల ఏమున్నదో తెల్వది" అని ఒకనాడు బెండకాయలు కోసుకుంట ఆమెనే చెప్పింది. ఏమేం చూడాలనుకున్నరో జల్దీ చూసుకోండ్రని పట్నంల డాక్టర్ అన్నడంట. భాభీ తాజ్‌మహల్ అనలే, ఇంకోటి అనలే, సముద్రం అన్నది. "గన్ని నీళ్ళు ఒక్కకాడ ఎట్లుంటయో చూడాలె" అన్నది. భాయ్ వైజాగ్‌కు టికెట్లు తీసుకున్నడు.

ఆ ముచ్చట విన్నంక మా ఇంట్ల గూడ వైజాగ్ మొదలైంది. బిడ్డకు దసర సెలవులు. నేనే పోయి భాయ్‌ని అడిగిన. "ముందుగాల మేం పోయొస్తం. శుక్రారం రెండు గంటలకల్ల నేను డ్యూటీల ఉంట, నువ్వు శనారం బండెక్కు" అన్న. అడగకుంట ఉండాల్సింది. వాళ్ళ అక్కర ఏంది, నా అక్కర ఏంది? సిగ్గు లేకుంట అడిగిన. "పిల్లల సెలవులు మళ్ళ రావు, పోయి రా తమ్మీ" అన్నడు.

వైజాగ్ మంచిగుండె. బీచ్‌ల దిగంగనే మా బిడ్డ ఒక చెప్పు అలలకిచ్చింది, రెండో చెప్పు చేతుల పట్టుకొని పొద్దంత తిరిగింది. సింహాచలం పోయినం. ఒడ్డున మ్యూజియం చేసిన సబ్‌మెరైన్ ఎక్కినం. లోపల గోడలకు అన్నీ గేజులే, నేను ఒక్కోదాని ముంగట ఆగుతుంటే మా ఆమె "ఇంటికాడ సరిపోతలేదా" అని రెక్క పట్టి గుంజింది. అప్పుడు భాయ్ యాదికొచ్చిండు. పొద్దున ఆరుకు డ్యూటీ ఎక్కినోడు రాత్రి పదికి దిగుతున్నడు. యాదికొచ్చిండు గాని, ముంగట బిడ్డ ఉరుకుతుంటే దాని వెనక ఉరికిన.

వచ్చే దినం రాత్రి బండెక్కాలె. లాడ్జీల అందరూ అరకు ముచ్చటే. అద్దాల డబ్బ ఉన్న రైలు, సొరంగాలు, బొర్రా గుహలు, అవి చూడకుంటే వైజాగ్ వచ్చినట్టే గాదంట. మా ఆమె "మళ్ళ ఎన్నడొస్తమో" అని ఒక్కసారి అన్నది, ఊకున్నది. తప్పు ఆమె మీద ఎయ్య. ఫోన్ చేసింది నేను.

"భాయ్, బిడ్డకు జ్వరం. రెండు రోజులు కదలొద్దన్నడు డాక్టర్."

ఆయన వెనక బాయిలర్ మోత వినబడుతుండె. "బిడ్డ పైలం. మా బండి సంగతి నేను చూసుకుంట" అన్నడు. ఒక్క ప్రశ్న అడగలే. నీళ్ళకు నమ్మనోడు దీనికి నమ్మిండు.

ఒకనాడు అరకు పోయినం. రెండోనాడు కైలాసగిరి మీదికి రోప్‌వేల పోయినం. ఒక దిక్కు కొండలు, ఇంకో దిక్కు నీళ్ళు. ఒడ్డు కాడ నురగ తెలుపు, దాని అవతల ఆకుపచ్చ, ఇంకా అవతల నీలం, ఆఖరుకు నీళ్ళు ఏడ అయిపోయి మొగులు ఏడ మొదలైతదో తెల్వలే. మస్తు సంబురమైంది. అబద్ధమాడి వచ్చినా సంబురమైంది, అదే నాకు ఇప్పటికీ మింగుడు పడుతలేదు.

ఆదివారం పగటాల, వాళ్ళ బండి పోయినంక, ఇల్లు జేరినం. బ్యాగులు ఇంకా దించలే, భాభీ గోడ పట్టుకుంట మెట్లెక్కి వచ్చింది. చేతుల గిన్నె. జ్వరం నోటికి మెత్తగ ఉంటదని పెసరపప్పు కిచిడి చేసుకొచ్చింది. ఆమె కూసోంగనే మా బిడ్డ ఫోన్ తెచ్చి ఒళ్ళె పెట్టింది. భాభీ ఫోన్‌ను ముక్కు దాంక తెచ్చుకొని, తల అటూ ఇటూ తిప్పుకుంట ఫోటోను ముక్కముక్క చూసింది.

"రైలుకు గిన్ని అద్దాలా? ఇది ఏనాడు బేటీ?"

"మొన్న ఆంటీ. నిన్న కొండ మీదికి పోయినం."

భాభీ మా బిడ్డ నొసట మీద చెయ్యి పెట్టింది, తియ్యలే, జెరసేపు అట్లనే ఉంచింది. "అల్లా దయ, తగ్గింది" అన్నది. "కిచిడి సల్లారుతది, తినుండ్రి." మళ్ళ గోడ పట్టుకుంట దిగిపోయింది. ఆ కిచిడి నేను తినలే, పారెయ్యనూ లే.

తెల్లారి పగటాల రెండు గంటలకు భాయ్ వచ్చిండు, గ్లాసు చూసిండు, సంతకం పెట్టిండు, "ఇగ పో తమ్మీ" అన్నడు. ఆమె చెప్పిందో లేదో మొఖం చూస్తే తెల్వలే. చెప్దామని నోరు తెరిసి, రేపు చెప్తలే అనుకున్న. గా రేపు రానే లేదు. ఆ నెల బాయిలర్ ఇన్‌స్పెక్షన్ పడ్డది, భాయ్‌కి సెలవు ఇయ్యం అన్నరు. తర్వాత కంపెనీల పని ఎక్కువైంది. ఎండకాలం వచ్చేసరికి భాభీ "గాజు పోయి ఉంగరమైంది భయ్యా" అన్నది. వానకాలంల ఉంగరం గూడ లేదు.

అయినా ఈ యాడాది వాళ్ళు వైజాగ్ పోయిండ్రు. చూడకున్నా సరే, కాళ్ళు తడుపుకొని వస్తనన్నదంట. రెండు షిఫ్టులు నేనే చేస్తున్న. మూడోనాడు పగటాల, బాయిలర్ రూం బయట అన్నం డబ్బ ఇప్పంగనే వీడియో కాల్ వచ్చింది. భాభీ గొంతు.

"ఫోన్ కలిపిచ్చి ఆయన చాయ్‌కి పోయిండు భయ్యా. సముద్రం కనబడుతుందా?"

ఫోన్ రోడ్డు దిక్కున్నది. ఒక ఆటో, మక్కకంకులు కాల్చే బండి, దాని చక్రం.

"కనబడుతుంది భాభీ."

"రంగు చెప్పు. ఆయన నీలం అంటడు, ఊకుంటడు."

నాకు యాదున్న రంగులే చెప్పిన. నురగ తెలుపు, ఆకుపచ్చ, దాని అవతల నీలం, ఆఖరుకు మొగులు.

"ఒడ్డు మీదికెల్లి గిన్ని రంగులు కనబడయంట గద. ఇది నువ్వు కొండ మీదికెల్లి చూసింది."

"అవును భాభీ." ఇగ దాచేదేమున్నది. "ఆనాడు బిడ్డకు జ్వరం లేదు."

"నాకెరుకే. చెయ్యి పెట్టి చూసిన గద."

"భాయ్‌కి చెప్పినవా?"

"నేనెందుకు చెప్త? రోజూ ఆయన ముంగట నిలబడేది నువ్వు. నువ్వే చెప్తవనుకున్న."

ఇంతల చాయ్ కప్పులు పట్టుకొని భాయ్ వచ్చిండు. ఆమె చేతులకెల్లి ఫోన్ తీసుకొని, "అరె, రోడ్డు దిక్కు పెట్టినవేంది" అని నవ్వుకుంట సముద్రం దిక్కు తిప్పిండు. తర్వాత ఆయన మొఖం కనబడ్డది.

"తమ్మీ, నీళ్ళు సరిగ్గనే ఉన్నయా?"

"ఉన్నయ్ భాయ్."

ఆడికెల్లి వంగి గ్లాసు చూడలేడు. నా మాటే నమ్మి తలూపిండు. భాభీ పక్కనే నిలబడి వింటున్నది. ఇంకో మాట నా నోట్లకెల్లి వస్తదేమోనని ఎదురుచూసింది గావచ్చు. రాలే. సోమారం రెండు గంటలకు ఆయన డ్యూటీకొస్తడు.