‘కింద’ అంటే ఎక్కడని అడగలేదు

లేదమ్మా చిన్నీ, రక్తం చూసి నాకెప్పుడూ కళ్లు తిరగలేదు. నర్సుగా చేరిన మొదటి నెలలోనే ఆ భయం పోయింది. నువ్వూ మీ అన్నయ్యా అంత దూరాన ఉండి ఫోన్లో అడిగారు కాబట్టి, ఇన్నేళ్ల ఉద్యోగంలో నన్ను వదలని ఒక్క సంగతి చెప్తాను.

కరోనా రావడానికి ముందు ఏడాది. తెనాలిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఓపీ బల్ల దగ్గర కూర్చునేదాన్ని. బాపట్ల నుంచి పొద్దున రైల్లో వెళ్లి సాయంత్రం తిరిగొచ్చేదాన్ని. వచ్చినవాళ్లను పేరు, వయసు, బాధ ఏమిటో అడిగి చీటీ రాయడం నా పని. ఆ చీటీని బట్టే మనిషి ఎవరి గదికి వెళ్లాలో తేలుతుంది. ఎడమవైపు ఆడవాళ్ల డాక్టరమ్మ, కుడివైపు సర్జన్ గారు. రక్తం పోతోందంటే రెండు రకాలుగా రాస్తాం. పీవీ అంటే నెలసరి వచ్చే దారిన. పీఆర్ అంటే మలం వచ్చే దారిన. ఒక్క అక్షరమే తేడా.

ఖాసింబీ రేపల్లె దగ్గర నగరం అనే ఊరి నుంచి వచ్చింది. నలభై రెండేళ్లు, చీరలకు ఫాల్స్ కుట్టేది. వెనకాలే భర్త నిలబడ్డాడు, హాలు నిండా జనం. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చుని, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని బల్ల మీదికి వంగింది.

“కింద రక్తం పోతంది సిస్టరమ్మా.”

“ఎన్నాళ్ల నుంచి?”

“మూణ్ణెల్లు.”

“గడ్డలుగా పోతోందా?”

“అప్పుడప్పుడు.” తల ఎత్తలేదు.

పీవీ అని రాసి ఎడమ గది చూపించాను. నలభై దాటిన ఆడమనిషికి కింద రక్తమంటే ఇంకేముంటుంది అనుకున్నాను.

ఆ వారంలోనే పొన్నూరు రైసుమిల్లు గుమస్తా శివయ్య గారు వచ్చారు. అరవై దాటిన మనిషి. ఆయనా అదే మాట అన్నారు.

“కింద రక్తం పడతా ఉంది చెల్లెమ్మా.”

“ఒంటికి వెళ్తేనా, రెంటికి వెళ్తేనా అన్నయ్య గారూ?”

“రెంటికేనమ్మా. మొలలేమోనని మా ఆవిడ పచ్చిమిరపకాయ మాన్పించింది. నోరు చచ్చింది గానీ రక్తం ఆగలా.”

వెనకున్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వుతూనే పీఆర్ అని రాశాను. సర్జన్ గారు వేలితో పరీక్ష చేసి, ఆయన్ని గుంటూరుకు కొలనోస్కోపీకి పంపారు. అంటే కెమెరా ఉన్న సన్నని గొట్టంతో పెద్దపేగు లోపల చూడటం. క్యాన్సరే, కానీ ఇంకా పేగు దాటలేదు. అంతమేరకు కోసి, పేగును మళ్లీ కలిపి కుట్టారు. తర్వాత చూపించుకోవడానికి వచ్చినప్పుడు చెప్పారాయన: “మిల్లులో బస్తాకి గొట్టం గుచ్చి శాంపిల్ తీస్తామా, నాకూ అదే చేశారు చెల్లెమ్మా. సరుకు పుచ్చిందని అప్పుడు తెలిసింది!”

ఖాసింబీకి స్కానింగ్‌లో గర్భసంచిలో చిన్న గడ్డలు కనబడ్డాయి. ఆ వయసులో చాలామందికి ఉండేవే. మా వైపు ఎంతోమందికి చేసినట్టే సంచి తీసేశారు. డాక్టరమ్మా, స్కానింగ్ వాళ్లూ, థియేటర్ వాళ్లూ అందరూ నా చీటీనే చదివారు. ఎవరూ మళ్లీ మొదటి నుంచి అడగలేదు.

ఎనిమిది నెలల తర్వాత ఖాసింబీ మళ్లీ వచ్చింది. కంటి కింది రెప్ప లాగి చూస్తే సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంది. జాకెట్టు భుజం మీద నుంచి జారిపోతోంది.

“సంచి తీసేసినా రక్తం ఆగలా సిస్టరమ్మా. ఇంట్లో చెప్తే, సంచే లేకపోతే ఇంకా రక్తమేంటే, పిచ్చా నీకు అన్నాడు మా ఆయన. ఇన్నాళ్లూ ఊరుకున్నా.”

వెనక నిలబడ్డ భర్తను మంచినీళ్లు తెమ్మని పంపించి, దగ్గరికి జరిగి అడిగాను.

“ఒంటికా, రెంటికా ఖాసింబీ?”

“రెంటికి.”

“మొదట కూడానా?”

“మొదట్నించీ అంతేనమ్మా. సంచి చెడితే అట్టా కూడా వస్తదేమో, మీకు తెలుసుగా అనుకున్నా.”

నేనే చెయ్యి పట్టుకుని కుడి గదికి తీసుకెళ్లాను. పేగులో క్యాన్సరే, అప్పటికే కాలేయానికి పాకింది. గుంటూరులో నాలుగుసార్లు కీమో ఎక్కించారు. ఐదోసారికి వెళ్లనంది.

ఒక ఆదివారం నగరం వెళ్లాను. ఖాసింబీ మంచం పక్కన కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉంది. వాళ్లమ్మాయి షమీమ్ టీ ఇచ్చి అవతలికి వెళ్లాక చెప్పాను.

“ఆ రోజు చీటీ తప్పు రాసింది నేనేనమ్మా.”

“మీరన్నా కూర్చోబెట్టి అడిగారు. మిగతావాళ్లు నిలబెట్టే పంపిచ్చారు,” అంది. తర్వాత గోడవైపు తిరిగి పడుకుంది. నన్ను ఓదార్చిందో, ఇక వెళ్లమందో అర్థం కాలేదు. టీ తాగలేకపోయాను. నెల తిరక్కుండానే పోయింది.

ఆ తర్వాత నా బల్ల హాలు మధ్య నుంచి మూలకు జరిపించాను. ఆడవాళ్లైనా మగవాళ్లైనా, ఎక్కణ్ణుంచి, ఎప్పుడెప్పుడు అని విప్పి అడగకుండా చీటీ రాయలేదు. అడగడం మొదలుపెట్టాకే ఒకటి కనబడింది. ఇదే జబ్బుతో టౌనులో జీతగాళ్లు ముందుగా వచ్చేవాళ్లు. లంక ఊళ్ల కూలీలు మొలల మందు ఏడాది వాడి వచ్చేవాళ్లు. వాళ్ల ఆడవాళ్లు మాత్రం ఎవరో ఒకరు ఎత్తుకొచ్చేదాకా వచ్చేవాళ్లు కాదు. ఖాసింబీ సిగ్గుపడిన మాట నిజమే. ఆ సిగ్గు మాకూ పనికొచ్చింది చిన్నీ, విప్పి అడగక్కర్లేక వరస తొందరగా కదిలేది. నేను నేర్చుకున్నది అదే, ఒక మనిషి పోయాక.

ఒక మధ్యాహ్నం ఓపీ ఖాళీ అయ్యాక డాక్టరమ్మను ఒకటి అడిగాను. ఆమె ఫోను తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. నేనే వెతుకుదామంటే పాత చీటీలు ఏటేటా చించి పారేసేవాళ్లు. నేనడిగింది ఇంతే:

“ఖాసింబీ కంటే ముందు, ఇన్నేళ్లలో నేను పీవీ అని రాసి మీ గదికి పంపిన ఆడవాళ్లలో, ఇలాంటివాళ్లు ఇంకెంతమంది ఉన్నారు మేడమ్?”