మంచు కక్కిన మూట

ఊళ్లో అందరూ ఆయన్ని బరువుల మామ అనేవారు. ముప్పై ఏళ్లు శిఖరమెక్కే దొరబాబుల డేరాలూ డబ్బాలూ వీపున మోసిన మనిషి. ఎక్కినవాళ్ల ఫొటోలు గోడలకెక్కాయి, మామ నడుం వంగిపోయింది.

పై మజిలీలో దొరబాబులు దొడ్డికెళ్లిందంతా పసుప్పచ్చ సంచుల్లో కట్టి కిందికి దింపాలని రూలు. కట్టాల్సిందీ దింపాల్సిందీ మాత్రం కూలీలే. ఛీ, ఒకడి పెంట ఇంకొకడు రెండు రోజులు మొయ్యడమేమిటి! కూలీలంతా ఆ సంచుల్ని మంచు పగుల్లోకి విసిరేసేవారు. మంచే మింగేస్తుందిలే అనుకునేవారు. మామా అదే అనుకున్నాడు.

ఈ వేసవి మంచు ఎన్నడూ లేనంతగా కరిగింది. ఆ మంచునీళ్లే దిగే ఊట, ఊరికున్న ఒక్కగానొక్క ఊట, కంపు కొట్టింది. మామ మనవరాలు, నాలుగేళ్ల పిల్ల, వాంతులతో మంచం పట్టింది. నీళ్లు కాచినా వాసన పోలేదు. గ్లాసు చూస్తేనే మొహం తిప్పుకునేది. తాత తన చేత్తో పట్టిస్తేనే రెండు గుక్కలు మింగేది. ఆ రెండు గుక్కలే పిల్లకి ప్రాణం.

మామ నోటికి పట్టపగ్గాల్లేవు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే జాతి అని కొండెక్కిన వాళ్లందరినీ కడిగేశాడు. ఊరంతా ఔనంది.

ఊట కాలువ పూడిక తీసే రోజు, మామ కర్రకు బురదలో పసుప్పచ్చ సంచి తగిలింది. పైకెత్తి అందరికీ చూపించాడు. జనం ఉమ్మేశారు. ఆయన పెళ్లాం మాత్రం దగ్గరికొచ్చి సంచి మూతి చూసింది. మూడు చుట్లు, కొస ఎడమకు దోపిన ముడి. చలిలో ఒంటిచేత్తో విప్పుకోవడానికి మామ సొంతంగా కనిపెట్టిన ముడి అది. ఇంట్లో పిండిబస్తాకీ అదే వేస్తాడు. ముప్పై ఏళ్లుగా విప్పుతున్నది ఆవిడే.

"ఇది నీ ముడే కదయ్యా," అంది మెల్లగా.

ఇంకెవరికీ వినపడలేదు. సంచి వదిలేస్తే పోయేది. కానీ మామ తన వేళ్లను చూసుకున్నాడు. ఆ ముడి వేసినవి అవే.

"నేను కట్టిందే," అన్నాడు పైకే. "ఇలాంటివి పైన ఇంకా చాలా ఉన్నాయి."

పాత కూలీలు నేల చూపులు చూశారు. మామ సంచిని బుట్టలో వేసుకుని, ఊటకు దూరంగా మోసుకెళ్లి పాతిపెట్టాడు. దారి పొడవునా అది వీపు మీద కారుతూనే ఉంది.

ఇంటికొచ్చి బూడిదతో మూడుసార్లు చేతులు తోముకున్నాడు. కాచిన నీళ్ల గ్లాసు మనవరాలి నోటికి పట్టాడు. పిల్ల ఆ చేతిని పక్కకు నెట్టేసింది.

"నువ్వొద్దు తాతా. కంపు," అంది.